రశీదు పంపింది ఎవరు? సొంత మెయిల్ సర్వర్‌లో పంపువారి చిరునామా సరిచేసిన కేస్ స్టడీ

విజయవాడలోని ఒక చిన్న తెలుగు మాసపత్రిక కార్యాలయానికి కొన్నేళ్లుగా మెయిల్ సర్వర్ బాధ్యత నేనే చూస్తున్నాను. కార్యాలయం చిన్నదైనా అక్కడి నుంచి బయటికి వెళ్లే మెయిల్ మూడు దారుల్లో పుడుతుంది. సంపాదకులూ సిబ్బందీ రౌండ్‌క్యూబ్ అనే వెబ్‌మెయిల్‌లో లాగిన్ అయి రచయితలకు రాసే ఉత్తరాలు ఒక దారి. ఎవరైనా చందా కట్టిన వెంటనే వెబ్‌సైటు తనంతట తాను పంపే రశీదులు రెండో దారి. రాత్రిపూట నిర్ణీత వేళకు వాటంతట అవే నడిచే క్రాన్ పనులు నాకు పంపే నివేదికలు మూడో దారి. 2024 జూన్‌లో, డెబియన్ 8 లినక్స్ మీద పోస్ట్‌ఫిక్స్ 2.11 అనే మెయిల్ ప్రోగ్రాముతో నడుస్తున్న పాత సర్వర్‌ను వదిలి, డెబియన్ 12, పోస్ట్‌ఫిక్స్ 3.7 ఉన్న కొత్త వీపీఎస్‌కు (అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వర్‌కు) మారినప్పుడు, మొదటి దారి ఏ ఇబ్బందీ లేకుండా సాగింది. మిగిలిన రెండూ చడీచప్పుడూ లేకుండా చెడిపోయాయి. చెడిపోయిన సంగతి మూడు వారాల తర్వాత గానీ మాకు తెలియలేదు.

ముందుగా రాతకు సంబంధించి ఒక్క మాట. పత్రిక అసలు డొమైన్‌కు బదులు ఎగ్జాంపుల్.ఆర్గ్ అని వాడుతున్నాను. చిరునామాలనూ పోస్ట్‌ఫిక్స్ పారామీటర్ల (సెట్టింగుల) పేర్లనూ తెలుగు లిపిలో రాశాను గానీ, ఫైళ్లలో అవి ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, పదాల మధ్య అండర్‌స్కోరుతో ఉంటాయని పాఠకులు గుర్తుంచుకోవాలి. డెబియన్‌లో వెబ్ ప్రోగ్రాములు నడిచే యూజర్ పేరులో మూడు డబ్ల్యూలు, ఒక హైఫన్, ఆ తర్వాత డేటా అనే మాట ఉంటాయి. ఇక్కడ దాన్ని వెబ్‌డేటా అని క్లుప్తంగా రాస్తాను.

చందా విభాగం చూసే ఆవిడ ఒకరోజు ఫోన్ చేసి, "రశీదు రాలేదని పాఠకులు రోజూ అడుగుతున్నారండీ, కానీ నా పేరు మీద ఒక చందా కట్టి చూసుకుంటే రశీదు వెంటనే వచ్చింది" అన్నారు. సమస్యను చాలా రోజులు దాచిపెట్టింది ఈ రెండో వాక్యంలో ఉన్న విషయమే. ఆవిడ చిరునామా అదే డొమైన్‌లోనిది. ఆ రశీదు సర్వర్ గడప దాటి బయటికి వెళ్లనే లేదు; పోస్ట్‌ఫిక్స్ దాన్ని తీసుకుని పక్కనే ఉన్న, మెయిల్ పెట్టెలను చూసుకునే డవ్‌కాట్‌కు అందించింది. మధ్యలో పంపువారి చిరునామా సరైనదా కాదా అని అడిగేవారు లేరు. సొంత డొమైన్‌లోని పెట్టెకు పంపుకున్న పరీక్ష మెయిల్‌తో పంపువారి చిరునామా గురించి ఏమీ రుజువు కాదని నాకు తెలిసి కూడా, సర్వర్ మార్చిన రోజున నేను చేసిన పరీక్షల్లో సగం అలాంటివే. మిగతా సగం రౌండ్‌క్యూబ్ నుంచి జీమెయిల్‌కు పంపినవి. వెబ్‌సైటు నుంచి బయటి చిరునామాకు ఒక్క రశీదైనా పంపి చూడలేదు.

కవరు మీద ఒకరు, ఉత్తరంలో ఒకరు

ఈ కేసు అర్థం కావాలంటే ఒక మెయిల్‌లో పంపువారి చిరునామాలు రెండు ఉంటాయని స్పష్టంగా తెలియాలి. తపాలాలో పంపిన ఉత్తరాన్ని గుర్తు తెచ్చుకుంటే సరిపోతుంది. కవరు మీద పంపువారి చిరునామా ఉంటుంది. అందుకునేవారు దొరకకపోతే తపాలా ఉద్యోగి కవరును ఆ చిరునామాకే తిప్పి పంపుతాడు. కవరు లోపల, కాగితం పైభాగాన, రాసినవారు మళ్లీ తమ పేరూ ఊరూ వేసుకుంటారు; చదివేవారు చూసేది దాన్ని. ఈ రెండూ ఒకటే కావాలన్న నియమం తపాలా శాఖకు లేదు, మెయిల్ సర్వర్లు మాట్లాడుకునే పద్ధతి అయిన ఎస్ఎంటీపీకీ లేదు. సర్వర్లు మాట్లాడుకునేటప్పుడు ‘మెయిల్ ఫ్రమ్’ అన్న ఆదేశంతో చెప్పుకునేది కవరు చిరునామా. మెయిల్ తెరిచినవారికి ‘ఫ్రమ్’ హెడర్‌లో (మెయిల్ పైభాగాన ఉండే సమాచార వరుసలను హెడర్లు అంటారు) కనిపించేది ఉత్తరం చిరునామా. కవరు చిరునామాను చివరి సర్వర్ ‘రిటర్న్ పాత్’ అనే హెడర్‌లో భద్రపరుస్తుంది గానీ మామూలు పాఠకుడు దాన్ని ఎన్నడూ చూడడు.

తనిఖీలు కూడా ఈ రెండింటి మధ్య పంచుకుని ఉన్నాయి. ఎస్‌పీఎఫ్ చూసేది కవరు చిరునామాలోని డొమైన్‌ను: ఆ డొమైన్ తరఫున మెయిల్ పంపే అనుమతి ఈ ఐపీకి (సర్వర్ అంకెల చిరునామాకు) ఉందా అని అడుగుతుంది. డీకిమ్ సంతకం హెడర్లకూ మెయిల్ బాడీకీ కాపలా. సంతకంలో ఒక డొమైన్ పేరు ఉంటుంది. డీమార్క్ ఉత్తరం చిరునామాలోని డొమైన్‌ను పట్టుకుని, పై రెండింటిలో కనీసం ఒకటి నెగ్గిందా, నెగ్గినదాని డొమైన్ దీనితో కుదిరిందా అని చూస్తుంది. కాబట్టి రెండు చిరునామాల్లో ఒకటి తప్పితే మిగతా లెక్కంతా తప్పే అవకాశం ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ లెక్కలను గట్టిగా చూడడం మొదలుపెట్టాయి: రోజుకు 5000కు మించి పంపేవారికి మూడూ తప్పనిసరి, అంతకు తక్కువ పంపేవారికి ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటైనా ఉండాలని జీమెయిల్ నియమం పెట్టింది. మా పత్రిక ఏ రోజూ 5000 దరిదాపులకు పోదు. అయినా ఆ నెలలోనే ‘క్వారంటైన్’ (ఓడిన మెయిల్‌ను స్పామ్‌లో పెట్టమనే) విధానంతో డీమార్క్ రికార్డును నేనే ప్రచురించాను. పాత సర్వర్‌లో డీకిమ్ లేకపోయినా ఎస్‌పీఎఫ్ కుదిరేది గనుక అన్నీ చేరుతూ వచ్చాయి.

లాగ్ చెప్పిన కథ

డెబియన్ 12లో కొత్తగా వేసిన సిస్టమ్‌కు, జరిగినవన్నీ నమోదు చేసే లాగ్ ఫైళ్లను రాసే ఆర్‌సిస్‌లాగ్ దానంతట అది రాదు, మెయిల్ లాగ్ ఫైలు ఉండే పాత చోట ఏమీ ఉండదు, అంతా సిస్టమ్ సొంత జర్నల్‌లోకి పోతుంది. ఈ చిన్న విషయానికే మొదటి పది నిమిషాలు పోయాయి. జర్నల్‌లో ఒక రశీదు ప్రయాణాన్ని మొదటి నుంచి చదివితే, పికప్ అనే భాగం రాసిన తొలి వరుసలో యూఐడీ (యూజర్ సంఖ్య) 33 అనీ, పంపినది వెబ్‌డేటా అనీ ఉంది. డెబియన్‌లో 33 అంటే వెబ్ యూజరే. అంటే రశీదు ఎస్ఎంటీపీ పోర్టు ద్వారా కాకుండా సెండ్‌మెయిల్ అనే ఆదేశం ద్వారా లోపలికి వచ్చింది. పీహెచ్‌పీ భాషలోని మెయిల్ ఫంక్షన్ చేసే పని అదే. తర్వాతి వరుసలో క్యూ మేనేజర్ కవరు చిరునామాను వెబ్‌డేటా@వీపీఎస్4471.లోకల్‌డొమైన్ అని నమోదు చేసింది. (ఆ అంకె నేను మార్చి రాసింది.)

ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందంటే, వీపీఎస్ ఇచ్చిన సంస్థ తన అచ్చు ప్రకారం హోస్ట్‌నేమ్ (యంత్రం పేరు) పెట్టింది. పోస్ట్‌ఫిక్స్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఈటీసీ (సెట్టింగుల డైరెక్టరీ) కింద మెయిల్‌నేమ్ అనే ఫైలులోకి అదే పేరు చేరింది. డెబియన్ ఇచ్చే మెయిన్ సీఎఫ్ అనే పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల ఫైలులో మైఆరిజిన్ అనే పారామీటర్ ఆ ఫైలునే చూపిస్తుంది. డొమైన్ లేని ఒట్టి యూజర్ పేరు ఎదురైనప్పుడల్లా పోస్ట్‌ఫిక్స్ దానికి మైఆరిజిన్ విలువను తగిలిస్తుంది. మైహోస్ట్‌నేమ్‌ను మాత్రం నేను మెయిల్.ఎగ్జాంపుల్.ఆర్గ్ అని చేత్తో రాసి, పని అయిపోయిందనుకున్నాను. ఈ రెండు పారామీటర్ల పనులు వేరు: మైహోస్ట్‌నేమ్ ఈ యంత్రం పేరు, మైఆరిజిన్ ఈ యంత్రంలో పుట్టే మెయిల్‌కు ఇంటిపేరు.

ఇంకా వెళ్లకుండా క్యూలో ఆగిన మెయిళ్లను చూపే పోస్ట్‌క్యూ ఆదేశానికి ‘పీ’ ఆప్షన్ ఇచ్చి చూస్తే బారెడు జాబితా వచ్చింది. అందులో కొన్నింటికి అవతలి సర్వర్లు 450 4.1.8 అన్న సంఖ్యతో, పంపువారి డొమైన్ కనబడలేదని జవాబిచ్చాయి. 4తో మొదలయ్యే జవాబు తాత్కాలికం గనుక పోస్ట్‌ఫిక్స్ ఆ రశీదులను ఐదు రోజుల పాటు మళ్లీ మళ్లీ ప్రయత్నించి, ఆ తర్వాతే తిప్పి పంపుతుంది. ఆలస్యమవుతోందని మధ్యలో పంపువారికి హెచ్చరించే డిలే వార్నింగ్ టైమ్ అనే పారామీటర్ మామూలుగా సున్నా, అంటే హెచ్చరికే ఉండదు. జీమెయిల్ అయితే తాత్సారం చేయకుండా 550 5.7.26తో అప్పటికప్పుడే తిరస్కరించింది: కవరు డొమైన్ డీఎన్ఎస్‌లోనే (డొమైన్ పేర్ల పట్టికలోనే) లేదు కాబట్టి ఎస్‌పీఎఫ్ లేదు, సంతకమూ లేదు.

మరి తిరస్కరించిన రశీదుల తాలూకు బౌన్స్ మెయిళ్లు (అందలేదని చెబుతూ తిరిగివచ్చేవి) ఏమయ్యాయి? బౌన్స్ ఎప్పుడూ కవరు చిరునామాకే వెళ్తుంది. వీపీఎస్4471.లోకల్‌డొమైన్ మా సర్వర్ తనవిగా లెక్కించే పేర్లుండే మైడెస్టినేషన్ జాబితాలో ఉంది, వెబ్‌డేటా అనే యూజర్ సర్వర్‌లో ఉన్నాడు. అందువల్ల ప్రతి బౌన్సూ ‘వర్’ కింద ‘మెయిల్’ డైరెక్టరీలో ఆ యూజర్ పేరున్న ఫైలులోకి నిక్షేపంగా చేరింది. దాన్ని తెరిచేవారు ప్రపంచంలో ఎవరూ లేరు. నేను తెరిచేసరికి వందల కొద్దీ ఉన్నాయి. ఇవి చాలవన్నట్టు, డీమార్క్ నివేదికలు కూడా వాటి కోసం పెట్టిన పెట్టెకు రోజూ వస్తూనే ఉన్నాయి. వాటిలో మా సొంత ఐపీ పక్కనే వైఫల్యం అని రాసి ఉంది. జిప్ చేసిన ఎక్స్ఎంఎల్ ఫైళ్లను విప్పి చదివే ఓపిక ఎవరికి ఉంటుందని నన్ను నేను సమర్థించుకోవచ్చు గానీ, ఆ నివేదికలు కావాలని రికార్డులో అడిగింది నేనే.

నేను చేసిన మొదటి దిద్దుబాటు, దాని తప్పు

రశీదులు ఆగిపోయి ఉన్నాయి గనుక తొందరలో మెయిల్‌నేమ్ ఫైలులో ఎగ్జాంపుల్.ఆర్గ్ అని రాసి పోస్ట్‌ఫిక్స్‌ను రీలోడ్ చేశాను. కొత్త రశీదుల కవరు మీద వెబ్‌డేటా@ఎగ్జాంపుల్.ఆర్గ్ అని పడింది. మా ఐపీ ఎస్‌పీఎఫ్ రికార్డులో ఉంది, ఉత్తరం మీద చందా@ఎగ్జాంపుల్.ఆర్గ్ ఉంది, డొమైన్లు కుదిరాయి, డీమార్క్ నెగ్గింది. జీమెయిల్‌కు పంపిన పరీక్ష రశీదు ఇన్‌బాక్స్‌లోనే పడింది. ఇలాంటి సమస్యలకు ఎక్కువగా చెప్పే పరిష్కారం ఇదే, చాలామంది ఇక్కడే ఆగిపోతారు కూడా. నేనూ రెండు రోజులు ఆగాను.

మూడో రోజు ఉదయం, బ్యాకప్ నివేదిక రాలేదని గమనించాను. క్రాన్ తన ఫలితాన్ని రూట్ అనే యూజర్‌కు పంపుతుంది. ఆ పేరు నా పెట్టెకు చేరేలా ఈటీసీ కింద ఆలియాసెస్ ఫైలులో వరుస ఉంది. కానీ ఆలియాసెస్ ఫైలును చదివేది లోకల్ అనే డెలివరీ భాగం మాత్రమే, అది కూడా మైడెస్టినేషన్‌లో ఉన్న డొమైన్లకే. ఎగ్జాంపుల్.ఆర్గ్ మాకు వర్చువల్ మెయిల్‌బాక్స్ డొమైన్, అంటే దాని పెట్టెలు సర్వర్ యూజర్లతో సంబంధం లేకుండా విడి పట్టికలో ఉంటాయి. మైఆరిజిన్ మారగానే ఒట్టి ‘రూట్’ కాస్తా రూట్@ఎగ్జాంపుల్.ఆర్గ్ అయింది, ఆ పేరుతో పెట్టె ఏదీ లేదు గనుక యూజర్ తెలియదంటూ ఆగిపోయింది. పంపువారి చిరునామా సరిచేద్దామని వెళ్లి, అందుకునేవారి చిరునామాను చెడగొట్టానన్నమాట.

బౌన్సుల స్థితి అంతకన్నా అధ్వాన్నమైంది. ఇంతకుముందు అవి ఎవరూ తెరవని ఫైలులోనైనా పడేవి. ఇప్పుడు వెబ్‌డేటా@ఎగ్జాంపుల్.ఆర్గ్ అనే పెట్టె లేదు; మా పోస్ట్‌ఫిక్స్ తయారుచేసిన బౌన్స్ దానికి అందదు; అందని బౌన్స్‌కు మళ్లీ బౌన్స్ పుట్టకూడదని బౌన్స్ కవరు మీద పంపువారి చోటును ఖాళీగా ఉంచుతారు. అలాంటివాటిని పోస్ట్‌మాస్టర్‌కు తెలియజేయాలంటే నోటిఫై క్లాసెస్ పారామీటర్‌లో ‘టూబౌన్స్’ అన్న మాట ఉండాలి. మామూలు విలువలో రిసోర్స్, సాఫ్ట్‌వేర్ అన్న రెండే ఉంటాయి. కాబట్టి అవి లాగ్‌లో ఒక వరుసగా మిగిలి మాయమయ్యాయి. పాత సర్వర్‌లో ఇవన్నీ ఎలా నడిచాయా అని పాత బ్యాకప్‌ను విప్పి చూస్తే, వర్చువల్ ఆలియాస్ పట్టికలో రూట్‌కూ వెబ్‌డేటాకూ మారుపేర్లు రాసి ఉన్నాయి. అవి నా చేతిరాతే. ఎప్పుడు రాశానో, ఎందుకు రాశానో ఎక్కడా రాసిపెట్టుకోలేదు.

ఇంకొక లోపం కూడా దీని కిందనే దాక్కుంది. అమెరికాలో ఉన్న కొందరు పాఠకులు తాము చదివిన విశ్వవిద్యాలయం ఇచ్చిన పూర్వవిద్యార్థి చిరునామాను చందా ఫారంలో ఇచ్చారు. అలాంటి చిరునామాకు పెట్టె ఉండదు, వచ్చిన మెయిల్ జీమెయిల్‌కు ఫార్వర్డ్ అవుతుంది. ఫార్వర్డ్ చేసే సర్వర్ కవరును మార్చకుండా పంపితే, జీమెయిల్‌కు కనిపించే ఐపీ విశ్వవిద్యాలయానిది, కవరు డొమైన్ మాది. ఎస్‌పీఎఫ్ తప్పక ఓడిపోతుంది. అక్కడ మెయిల్‌ను కాపాడేది డీకిమ్ సంతకమొక్కటే. డీకిమ్ సంతకం చేసే ఓపెన్‌డీకిమ్‌ను నేను కొత్త సర్వర్‌లో పెట్టాను, రౌండ్‌క్యూబ్ మెయిళ్లకు సంతకం పడుతోంది కూడా. రశీదులకు మాత్రం పడడం లేదు. పోస్ట్‌ఫిక్స్‌లో మిల్టర్లకు (ఓపెన్‌డీకిమ్ లాంటి జోడింపు ప్రోగ్రాములకు) రెండు పారామీటర్లు ఉన్నాయి: ఎస్ఎంటీపీడీ మిల్టర్స్ అన్నది పోర్టుల ద్వారా వచ్చే మెయిల్‌కు, నాన్ ఎస్ఎంటీపీడీ మిల్టర్స్ అన్నది సెండ్‌మెయిల్ ఆదేశం ద్వారా వచ్చే మెయిల్‌కు. రెండోదాన్ని నేను రాయలేదు. ఒకే సర్వర్‌కు రెండు వాకిళ్లు ఉండి, ఒక్క వాకిలి దగ్గరే ముద్ర వేసే మనిషి కూర్చున్నట్టుంది పరిస్థితి.

రెండో దిద్దుబాటు: బయటికి వెళ్లేటప్పుడు మార్చడం

చిరునామాను తిరగరాయడానికి పోస్ట్‌ఫిక్స్‌లో రెండు చోట్లు ఉన్నాయి. మెయిల్ క్యూలోకి చేరకముందే క్లీనప్ అనే భాగం కనానికల్ పట్టికలను చూసి మారుస్తుంది. ఈ మార్పు స్థానిక మెయిల్‌కూ బయటి మెయిల్‌కూ వర్తిస్తుంది. సరిగ్గా బయటికి పంపే క్షణంలో ఎస్ఎంటీపీ క్లయింటు జెనెరిక్ పట్టికను చూసి మారుస్తుంది. దీనివల్ల లోపలి మెయిల్ చెక్కుచెదరదు. రెండోది మర్యాదగా అనిపించి, మైఆరిజిన్‌ను వెనక్కి తెచ్చి, ఎస్ఎంటీపీ జెనెరిక్ మ్యాప్స్‌లో రూట్‌నూ వెబ్‌డేటానూ అసలు పేర్లకు మార్చే వరుసలు రాశాను. నాన్ ఎస్ఎంటీపీడీ మిల్టర్స్‌ను కూడా అదే పూట జోడించాను.

రశీదులు సంతకంతో సహా సరిగ్గా వెళ్లాయి. క్రాన్ నివేదికల్లో కొన్ని నా బయటి జీమెయిల్‌కు వెళ్తాయి; వాటిని తెరిచి ‘ఒరిజినల్ చూపించు’ నొక్కితే డీకిమ్ ఓడిపోయిందని ఉంది. మొదట సంతకం తాళంచెవిని అనుమానించాను, తర్వాత డీఎన్ఎస్‌ను అనుమానించాను, రెండింటిలోనూ తప్పు లేదు. కారణం క్రమంలో ఉంది. మిల్టర్ సంతకం చేసేది క్లీనప్ దశలో. జెనెరిక్ పట్టిక ‘ఫ్రమ్’ హెడర్‌ను మార్చేది ఆ తర్వాత, గడప దగ్గర. ఒప్పంద పత్రం మీద సంతకం అయ్యాక పేరు దిద్దితే పత్రం చెల్లదు. రశీదుల్లో ఉత్తరం మీద అప్పటికే చందా@ఎగ్జాంపుల్.ఆర్గ్ ఉండి, కవరు మాత్రమే మారింది గనుక వాటి సంతకం నిలిచింది. క్రాన్ నివేదికల్లో ఉత్తరం చిరునామా కూడా మారింది. కనానికల్ పట్టిక అయితే సంతకానికి ముందే పని పూర్తిచేస్తుంది కాబట్టి ఈ తగాదా రాదు.

అయినా కనానికల్ పట్టికను కూడా నేను చివరికి వాడలేదు. వెబ్‌డేటా అన్న ఒక్క యూజర్ కిందే చందా ప్రోగ్రామూ పత్రిక వర్డ్‌ప్రెస్ సైటూ రెండూ నడుస్తున్నాయి. ఆ పేరును చందా విభాగం చిరునామాకు మార్చితే, వర్డ్‌ప్రెస్ పంపే మెయిళ్ల బౌన్సులు కూడా చందా విభాగానికే వెళ్తాయి. పంపువారు ఎవరో పోస్ట్‌ఫిక్స్‌కు తెలియదు. తెలిసింది పంపిన ప్రోగ్రాముకే. తెలిసినవారి చేతే రాయించాలి.

పుట్టిన చోటే పేరు పెట్టడం

చివరికి నిలబడిన అమరిక ఇది. మైఆరిజిన్‌ను మైహోస్ట్‌నేమ్ విలువకే, అంటే మెయిల్.ఎగ్జాంపుల్.ఆర్గ్‌కు కట్టాను, ఆ పేరును మైడెస్టినేషన్‌లో ఉంచాను. దీనితో ఒట్టి ‘రూట్’ మళ్లీ స్థానికమైంది, ఆలియాసెస్ ఫైలు మళ్లీ పనిచేసింది. మెయిల్.ఎగ్జాంపుల్.ఆర్గ్‌కు విడిగా ఎస్‌పీఎఫ్ రికార్డు ఇచ్చాను; కవరు ఖాళీగా ఉన్న బౌన్సులకు ఎస్‌పీఎఫ్ హెలో పేరునే (పలకరింపులో సర్వర్ చెప్పే తన పేరునే) చూస్తుంది గనుక ఆ రికార్డు ఎలాగూ అవసరమే. ఏ పంపువారికి సంతకం పెట్టాలో చెప్పే ఓపెన్‌డీకిమ్ సైనింగ్ టేబుల్‌లో ఈ ఉపడొమైన్‌కు కూడా ఒక వరుస పెట్టాను. అది లేకపోతే రూట్ పేరున వెళ్లే నివేదికకు సంతకం పడదు, లాగ్‌లో సైనింగ్ టేబుల్‌లో పోలిక దొరకలేదని ఒక వరుస మాత్రం కనిపిస్తుంది. డీమార్క్ సడలింపు పద్ధతిలో ఉపడొమైన్ అసలు డొమైన్‌తో కుదిరినట్టే లెక్క.

తర్వాత చందా ప్రోగ్రామును, వర్డ్‌ప్రెస్‌ను రెండు వేరు పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం పూల్స్‌గా (పీహెచ్‌పీని నడిపే విడి గుంపులుగా), రెండు వేరు యూజర్ల కింద విడదీశాను. ఒక్కో పూల్ ఫైలులో సెండ్‌మెయిల్ పాత్ అనే విలువకు హైఫన్ ఎఫ్ ఆప్షన్‌తో దాని సొంత కవరు చిరునామాను ఇచ్చాను. చందా రశీదుల కవరు మీద రశీదు-బౌన్స్@ఎగ్జాంపుల్.ఆర్గ్ అనీ, వర్డ్‌ప్రెస్ కవరు మీద సైటు-బౌన్స్@ఎగ్జాంపుల్.ఆర్గ్ అనీ పడుతుంది. రెండూ నిజంగా ఉన్న పెట్టెలు. హైఫన్ ఎఫ్‌తో సర్వర్‌లోని ఎవరైనా ఎవరి పేరైనా వేసుకోగలరు కదా అన్న సందేహం న్యాయమైనదే, పోస్ట్‌ఫిక్స్ 3.6 నుంచి లోకల్ లాగిన్ సెండర్ మ్యాప్స్ అనే పారామీటర్ వచ్చింది, ఏ యూజర్ ఏ కవరు చిరునామాలు వాడవచ్చో అందులో రాయవచ్చు. మామూలు విలువలో అందరికీ అన్నీ అనుమతే గనుక, దాన్ని ఇద్దరు వెబ్ యూజర్లకు బిగించాను.

వర్డ్‌ప్రెస్‌లోని సంప్రదింపు ఫారంలో ఒక పాత దురలవాటు కూడా బయటపడింది. ఫారం నింపినవారి చిరునామానే ఉత్తరం చిరునామాగా పెట్టి సంపాదకులకు పంపుతోంది, జవాబు నొక్కితే వారికే వెళ్లాలన్న ఉద్దేశంతో. యాహూ 2014 ఏప్రిల్‌లోనే తన డొమైన్‌కు డీమార్క్‌లో తిరస్కరణ విధానం పెట్టింది. యాహూ పాఠకుడి పేరుతో మా సర్వర్ పంపే మెయిల్‌ను ఎవరు అందుకున్నా అది దొంగ ఉత్తరం కిందే లెక్క. ఉత్తరం మీద మా చిరునామా పెట్టి, పాఠకుడి చిరునామాను ‘రిప్లై టు’ హెడర్‌లోకి మార్చాను. ఫారంలో ఎవరో టైపు చేసిన చిరునామాను హైఫన్ ఎఫ్ దాకా పోనివ్వడం మరీ ప్రమాదం. 2016 డిసెంబర్‌లో పీహెచ్‌పీమెయిలర్‌లో బయటపడిన పెద్ద భద్రతా లోపం సరిగ్గా ఆ దారిలోనే వచ్చింది.

తెలుగు పేరు తెచ్చిన తంటా

ఇదంతా అయ్యాక కూడా కొన్ని రశీదులు 5.6.7 అన్న సంఖ్యతో తిరిగివచ్చాయి. ఇవి ఇప్పుడు బౌన్స్ పెట్టెలో పడుతున్నాయి కాబట్టే కనిపించాయి. అవతలి సర్వర్ ఎస్ఎంటీపీ యూటీఎఫ్8 (హెడర్లలో నేరుగా తెలుగు వంటి లిపులున్న మెయిల్‌ను అందుకునే సదుపాయం) ఇవ్వలేదు, కానీ ఈ మెయిల్‌కు అది అవసరం అని వాటి సారాంశం. జీమెయిల్ పాఠకులకు ఈ బాధ లేదు. కొన్ని కంపెనీల, కళాశాలల సొంత సర్వర్లలో ఉన్నవారికే వచ్చింది.

చందా ప్రోగ్రాము ‘ఫ్రమ్’ హెడర్‌లో చిరునామాకు ముందు పత్రిక పేరునూ ‘చందా విభాగం’ అన్న మాటలనూ నేరుగా తెలుగు అక్షరాల్లోనే రాస్తోంది. 1996 నాటి ఆర్ఎఫ్‌సీ 2047 అనే ప్రమాణం ప్రకారం హెడర్‌లో ఆస్కీ (ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులు) కాని అక్షరాలను సంకేత రూపంలోకి మార్చి రాయాలి. పోస్ట్‌ఫిక్స్ 2.11కు ఈ పట్టింపు లేదు, ఉన్నది ఉన్నట్టు పంపేది. చాలా సర్వర్లు సర్దుకుని చదువుకునేవి. 3.0 నుంచి పోస్ట్‌ఫిక్స్‌కు యూటీఎఫ్8 మెయిల్ సదుపాయం వచ్చింది. సెండ్‌మెయిల్ ఆదేశం ద్వారా వచ్చిన మెయిల్ హెడర్లలో పచ్చి యూటీఎఫ్8 కనిపిస్తే, అవతలి సర్వర్ కూడా ఆ సదుపాయం ఉన్నదే అయి ఉండాలని అది నిర్ణయించుకుంటుంది; లేకపోతే తిప్పికొడుతుంది. ఆ సదుపాయాన్ని మొత్తంగా ఆపేసే వీలుంది, ఆపేస్తే రశీదులు వెళ్తాయి కూడా. కానీ తప్పు సర్వర్‌ది కాదు, ప్రోగ్రాముది.

ప్రోగ్రామును దిద్దేటప్పుడు ఇంకొక జాగ్రత్త పడవలసి వచ్చింది. సంకేత రూపంలోని ఒక్కో ముక్క 75 అక్షరాలు దాటకూడదు. ముందువెనకల గుర్తులు 12 పోగా 63 మిగులుతాయి. బైట్లను అక్షరాలుగా మార్చే బేస్64 మూడేసి బైట్లకు నాలుగేసి అక్షరాల చొప్పున పెరుగుతుంది కాబట్టి 60 వాడుకోవచ్చు, అంటే 45 బైట్లు. యూటీఎఫ్8లో తెలుగు అక్షరం గానీ గుణింతం గుర్తు గానీ ఒక్కొక్కటి 3 బైట్లు తింటుంది. కాబట్టి ముక్కకు 15 గుర్తులే. ‘చందా విభాగం’ ఒక్కటే అయితే ఇమిడిపోతుంది, ముందు పత్రిక పేరు చేరితే ఇమడదు, రెండు ముక్కలు చేయాలి. ఆ విరుపు ఒక అక్షరం తాలూకు మూడు బైట్ల మధ్యలో పడకూడదు. పాత కోడ్‌లో మెయిల్ సబ్జెక్టు కోసం ఎవరో బైట్లను లెక్కపెట్టి నరికారు. అందువల్లే కొందరికి సబ్జెక్టులో అక్కడక్కడా ప్రశ్న గుర్తులు కనబడేవి. పీహెచ్‌పీలోని ఎంబీ ఎన్‌కోడ్ మైమ్ హెడర్ ఫంక్షన్ ఈ విరుపు సంగతి తానే చూసుకుంటుంది. సబ్జెక్టుకూ పంపువారి పేరుకూ దాన్నే పెట్టాము.

ఎవరి పేరు ఎవరు వాడవచ్చు

చివరగా లాగిన్ దారిని కూడా బిగించాను. అప్పటిదాకా రౌండ్‌క్యూబ్‌లో లాగిన్ అయిన ఎవరైనా సంపాదకుడు@ఎగ్జాంపుల్.ఆర్గ్ అని ఐడెంటిటీ (పంపువారి పేరూ చిరునామా) చేర్చుకుని మెయిల్ పంపగలిగే స్థితి. ఎవరూ అలా చేయలేదు గానీ, చేస్తే సర్వర్ నవ్వుతూ సంతకం కూడా పెట్టి పంపేది. ఎస్ఎంటీపీడీ సెండర్ లాగిన్ మ్యాప్స్‌లో ఏ చిరునామాకు ఎవరు హక్కుదారులో రాసి, రిజెక్ట్ సెండర్ లాగిన్ మిస్‌మ్యాచ్ అన్న నియమాన్ని మాస్టర్ సీఎఫ్ ఫైలులో సబ్మిషన్ పోర్టులకు (లాగిన్ అయి మెయిల్ పంపే దారులకు) మాత్రమే పెట్టాను. బయటి సర్వర్ల మెయిల్ వచ్చే పోర్టు 25కు కూడా పెడితే, బయట ఎక్కడో ఫార్వర్డ్ అయి తిరిగి మా దగ్గరికే వచ్చే మా సొంత మెయిల్ ఆగిపోతుంది. నియమాన్ని, లాగిన్ అయినవారిని అనుమతించే పర్మిట్ సాస్ల్ ఆథెంటికేటెడ్‌కు ముందు రాయాలి. తర్వాత రాస్తే లాగిన్ అయినవారందరూ ముందే లోపలికి వెళ్లిపోతారు, నియమం దాకా ఎవరూ రారు.

పెట్టిన గంటలోనే సంపాదకుల సహాయకురాలు ఫోన్ చేశారు. సంపాదకుల తరఫున ఆవిడ తన లాగిన్‌తోనే జవాబులు పంపుతారట. ఇప్పుడు 553 5.7.1 అన్న తిరస్కరణ వస్తోంది. పట్టికలో ఆ చిరునామాకు ఎదురుగా ఇద్దరి పేర్లూ రాస్తే సరిపోయింది. అయితే ఈ నియమం కూడా కవరునే చూస్తుంది, ఉత్తరం చిరునామాను చూడదు. వెబ్‌మెయిల్ వరకు రౌండ్‌క్యూబ్‌లోని ఐడెంటిటీస్ లెవెల్‌ను 1కి మార్చాను. దీంతో ఐడెంటిటీలో పేరూ సంతకమూ మార్చుకోవచ్చు గానీ చిరునామాను మార్చడం కుదరదు. ఫోన్లలో మెయిల్ యాప్ వాడే ఇద్దరికి ఉత్తరం చిరునామా మీద ఇప్పటికీ అడ్డు లేదు. ఆ ఇద్దరిలో ఒకరు సంపాదకులే కావడంతో దాన్ని అలాగే వదిలేశాను.

రశీదు-బౌన్స్ పెట్టెను చందా విభాగం ఆవిడకు చూపించి, కవరు చిరునామాలో ప్లస్ గుర్తు తర్వాత చందా సంఖ్య పడేలా ప్రోగ్రాములో ఒక వరుస చేర్చాను. ఏ రశీదు తిరిగివచ్చిందో ఇప్పుడు చిరునామా చూస్తేనే తెలుస్తుంది. మొదటి వారం ఆ పెట్టెలో పడినవాటిలో చాలావరకు మా సర్వర్ తప్పులు కావు, ఫారంలో జీమెయిల్ స్పెల్లింగులో అక్షరాలు తారుమారై పడినవి. ఆవిడ చందా పుస్తకం ముందు పెట్టుకుని, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చిరునామాలు దిద్దుతున్నారు.